న్యూ ఇంగ్లండ్ ఫాల్ ట్రిప్: ఈసారైనా చెట్ల మీద ఆకులు ఉంటాయా?

పడమటిగాలి | ఆగస్టు 17, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. పోయినేడు చేసిన తెలివితక్కువ పని ముందే చెప్పేస్తాను. మళ్లీ అదే చేయకుండా మీరే ఆపాలి.

అక్టోబరు రెండో సోమవారం సెలవు కలిసొస్తుంది కదా అని లాంగ్ వీకెండ్‌కి, చెట్ల ఆకులు ఎరుపు పసుపుల్లోకి తిరగడం చూద్దామని, అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్‌లో, వెర్మాంట్ రాష్ట్రం ఉత్తరాన, కెనడా సరిహద్దు దగ్గర మూడు రాత్రులకి గది తీసుకున్నాం. డల్లాస్ నుంచి విమానం, అద్దె కారు, అన్నీ కలిపి బాగానే వదిలింది. మేం వెళ్లే రెండు రోజుల ముందు వాన, దాని వెనకే గాలి. ఆకులన్నీ నేల మీదే ఉన్నాయి. కొండలు చీపురుపుల్లలు గుచ్చినట్టు కనిపించాయి. బుక్ చేసేటప్పుడు "కరెక్టుగా పీక్‌కి వస్తున్నారు" అని ఊరించిన మనిషే, తాళాలు చేతికిస్తూ "పోయిన వారం వచ్చుంటే బాగుండేది" అన్నాడు. ఒళ్లు మండింది గానీ ఏం చేస్తాం.

ఈసారి మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది. ఏడేళ్ల పాప ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, కొండలు ఎక్కించలేను. పైగా "ఆకులు రాలితే చూడ్డానికి విమానమెక్కాలట్రా" అని నవ్వుతోంది. ఐదు రోజులు, బోస్టన్‌లో దిగుతాం. ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ ఉండాలి?

కొండదారి | ఆగస్టు 17, రాత్రి 10:31

పడమటిగాలి గారూ, ముందు ఆ "పీక్" (రంగు నిండుగా ఉండే రోజులు) అనే మాట పక్కన పెట్టండి. న్యూ ఇంగ్లండ్ మొత్తానికి ఒకే పీక్ ఉండదు. రంగు ఉత్తరం నుంచి దక్షిణానికి, కొండ పైనుంచి లోయలోకి దిగుతూ వస్తుంది. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ ఉత్తర భాగాల్లో సెప్టెంబరు చివర మొదలై అక్టోబరు మొదటి వారానికి బాగా పడుతుంది. దక్షిణ వెర్మాంట్, మసాచుసెట్స్‌లోని బెర్క్‌షైర్స్ అక్టోబరు మధ్యకి. కనెటికట్, రోడ్ ఐలండ్ తీరం వైపు నెలాఖరు దాకా ఉంటుంది. మీరు లాంగ్ వీకెండ్‌కి పైకి పోయారు, రంగేమో అప్పటికే కిందకి దిగిపోయింది.

నేను తేదీని నమ్ముకోను, కొండని నమ్ముకుంటాను. ఎత్తూ పల్లమూ రెండూ గంట దూరంలో ఉండే ఊళ్లో దిగండి. పైన రాలిపోతే కిందకి పోవచ్చు, కింద ఇంకా పచ్చగా ఉంటే పైకి పోవచ్చు. నా లెక్కలో అది న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్ కొండలు. నార్త్ కాన్వే దగ్గర ఉండండి. బోస్టన్ నుంచి రెండున్నర మూడు గంటలు. అక్టోబరు మొదటి వారం, అదీ సోమవారం నుంచి శుక్రవారం లోపు.

సందేహాల_రాయుడు | ఆగస్టు 17, రాత్రి 11:08

అందరూ కొట్టకండి, ఒక మాట అడుగుతా. ఆకులు ఎండిపోయి రాలడాన్ని ఇంత పండగలా చేయడం ఏంటండీ? అమ్మగారు అన్నదాంట్లో తప్పేముంది?

మేపుల్_మామయ్య | ఆగస్టు 18, ఉదయం 6:44

రాయుడూ, ఎండిపోయి రాలడం వేరు, ఇది వేరు. ఎండిన ఆకు గోధుమరంగులోకి తిరుగుతుంది. ఇక్కడ చెట్టు బతికుండగానే, లెక్క ప్రకారం కొట్టు కట్టేస్తుంది.

పొద్దు కురచవడం మొదలవగానే చెట్టు కొత్త పత్రహరితం తయారుచేయడం తగ్గించేస్తుంది. ఉన్నది విరిగిపోతుంది. ఆ ఆకుపచ్చ కింద ఎండాకాలమంతా దాక్కున్న పసుపు, నారింజ అప్పుడు బయటపడతాయి. అవి కెరోటినాయిడ్లు, కొత్తగా వచ్చినవి కావు. బర్చ్ చెట్టు పసుపు అంతా అదే. ఎరుపు కథ వేరు. అది ఆంథోసయనిన్, దాన్ని ఆకు అప్పటికప్పుడు తనలో మిగిలిన చక్కెరతో తయారుచేసుకుంటుంది. ఈలోగా కాడ మొదట్లో బెండులాంటి పొర కట్టి, ఆకుకీ కొమ్మకీ దారి మూసేస్తుంది. పగలు ఎండ బాగా కాసి, రాత్రి చల్లబడి, కానీ గడ్డ కట్టేంత చలి పడకపోతే షుగర్ మేపుల్, రెడ్ మేపుల్ నిప్పంటుకున్నట్టు ఉంటాయి. వరసగా మబ్బు పడితే ఎరుపు తగ్గుతుంది గానీ పసుపుకి పెద్ద తేడా ఉండదు. గట్టి కరవు వస్తే ముందే రాలిపోతాయి.

అందుకే ఏ రెండేళ్లూ ఒకేలా ఉండవు. ఫలానా తేదీకి గ్యారంటీ అని చెప్పినవాడిని మాత్రం నమ్మకండి.

సందేహాల_రాయుడు | ఆగస్టు 18, ఉదయం 7:15

పొద్దున్నే క్లాసు పీకారు. సరే, ఒప్పుకున్నా. సగం.

బుజ్జిగాడి_అమ్మ | ఆగస్టు 18, ఉదయం 9:20

చిన్నపిల్లలతో వెళ్తే కారులో కూర్చోబెట్టి ఆకులు చూపిస్తే అరగంటే. తర్వాత "ఇంకెంతసేపు" మొదలు. మధ్యలో చేతికి పని ఉండాలి, ఆపిల్ తోటకి తీసుకెళ్లండి. మెకింటాష్ సెప్టెంబరులోనే వచ్చేస్తుంది, అక్టోబరు మొదట్లో కోర్ట్‌లాండ్, మకూన్ లాంటివి దొరుకుతాయి. సంచి లెక్కన డబ్బులు కడతాం, చిన్న సంచిని పెక్ అంటారు, పది పౌండ్ల పైచిలుకు పడుతుంది. ఒక కుటుంబానికి అదే ఎక్కువ. మేము మొదటిసారి ఆశకి పోయి పెద్ద సంచి తీసుకుని, వారం రోజులు ఆపిల్ తప్ప ఇంకేం తినలేదు.

పాపకి ఒకటి నేర్పండి: కాయని కిందకి లాగకూడదు. అరచేతిలో పట్టుకుని, పైకెత్తి, కొంచెం తిప్పితే తొడిమతో సహా ఊడొస్తుంది. లాగితే పక్కనున్న మొగ్గ కూడా విరుగుతుంది, వచ్చే ఏడాది అక్కడ కాయ రాదు.

ఇంకోటి, ఆకుల కుప్పల్లో దూకనిచ్చారంటే రాత్రి తల వెనక, మోకాలి మడతల్లో పురుగులు పట్టాయేమో చూడండి. డీర్ టిక్స్ అనే రక్తం పీల్చే పురుగులు అక్టోబరులోనూ తిరుగుతాయి, లైమ్ వ్యాధి అంటించేవి అవే. దానికి ఆ పేరు వచ్చిందే కనెటికట్‌లోని లైమ్ అనే ఊరి నుంచి.

పడమటిగాలి | ఆగస్టు 18, మధ్యాహ్నం 1:05

అందరికీ థాంక్స్. మేపుల్ సిరప్ కాచడం కూడా చూపిద్దామనుకుంటున్నా. అమ్మకి బెల్లం వండటం తెలుసు కాబట్టి నచ్చుతుంది. ఏ తోటకి వెళ్లాలి?

మేపుల్_మామయ్య | ఆగస్టు 18, మధ్యాహ్నం 1:40

ఆ పని మార్చిలో. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లోనే చెట్టు నుంచి నీరు కారుతుంది. 40 గ్యాలన్ల నీరు మరిగిస్తే ఒక గ్యాలన్ సిరప్. అక్టోబరులో వెళ్తే ఖాళీ పెనాలు, అమ్మకానికి సీసాలు కనిపిస్తాయి. అమ్మగారికి పెనం చూపించండి, మిగతాది ఆవిడే ఊహించుకుంటారు.

గుమ్మడి_గురువు | ఆగస్టు 18, సాయంత్రం 6:18

ఆకుల సంగతి మీరంతా చూసుకుంటున్నారు, నేను జాతరల సంగతి చెప్తా. అమ్మగారిది వ్యవసాయ కుటుంబమైతే అసలు ట్రిప్ ఇదే.

మెయిన్ రాష్ట్రంలో ఫ్రైబర్గ్ ఫెయిర్ ఉంది. 1851లో మొదలైంది, అక్టోబరు మొదటి వారం అటూ ఇటూగా ఎనిమిది రోజులు జరుగుతుంది. నార్త్ కాన్వే నుంచి అరగంట కూడా లేదు, జాతర ట్రాఫిక్ లేకపోతే. కొండదారి గారు చెప్పిన ఊరికీ వారానికీ అచ్చంగా సరిపోతుంది. పశువుల కొట్టాలు, గొర్రెలు, కూరగాయల పోటీలు, దుంగలు కోసే పోటీలు. ఎడ్ల పోటీ మాత్రం అస్సలు వదలకండి. ఎందుకో చెప్పను, అమ్మగారినే అడగండి తర్వాత.

బోస్టన్ పైన టాప్స్‌ఫీల్డ్ ఫెయిర్ కూడా ఉంది, 1818 నాటిది. అక్కడ గుమ్మడికాయల తూకం చూడాలి. 2012లో 2,009 పౌండ్ల కాయ వచ్చింది. రెండు వేల పౌండ్లు దాటిన మొదటి కాయ అదే. చూడ్డానికి మాత్రం అందంగా ఉండదు, ఒక పక్కకి జారిపోయి, అలిసిపోయి కూర్చున్న ఏనుగులా ఉంటుంది. అంత బరువుకి గుండ్రంగా నిలబడటం దానివల్ల కాదు.

ట్రైపాడ్_తాత | ఆగస్టు 18, రాత్రి 8:47

ఫోటోల కోసం వెళ్లేవాళ్లకి రెండు ముక్కలు. నీలాకాశం కోసం ఎదురుచూడకండి. మబ్బు పట్టిన రోజు, వాన వెలిసిన గంటే రంగు చిక్కగా పడుతుంది. తడి ఆకు మీద మెరుపు మాత్రం రంగుని తినేస్తుంది, లెన్స్‌కి పోలరైజర్ తగిలించి మెల్లగా తిప్పండి, ఒకచోట మెరుపు పోయి ఎరుపు కనిపిస్తుంది. అక్కడ ఆపండి.

ఇంకొకటి. సోషల్ మీడియాలో అందరూ పెట్టే పొలం ఫోటో ఉంటుంది, వంపు తిరిగిన మట్టిరోడ్డు, చివర ఇల్లు. అది వెర్మాంట్‌లో పామ్‌ఫ్రెట్ ఊళ్లోది, ఒకరి సొంత ఇల్లు. జనం గేట్లు దాటి లోపలికెళ్లి, దారికడ్డంగా కార్లు పెట్టి నానా రభస చేస్తే, 2023లో ఊరివాళ్లు ఆకుల సీజన్లో ఆ రోడ్డుని బయటివాళ్లకి మూసేశారు. నేనూ అంతకుముందు అక్కడ నిలబడి ఫోటో తీసుకున్నవాణ్ణే. ఇప్పుడు ఆ ఫోటో చూస్తే కాస్త సిగ్గేస్తుంది.

సందేహాల_రాయుడు | ఆగస్టు 18, రాత్రి 9:30

సేలం ఎవరూ చెప్పలేదేంటి? అక్టోబరు అంటే హాలోవీన్, హాలోవీన్ అంటే సేలం కదా!

బుజ్జిగాడి_అమ్మ | ఆగస్టు 18, రాత్రి 9:41

మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో అక్టోబరులో సేలమా? కారు పెట్టే చోటు కోసమే పూట గడిచిపోతుంది. వెళ్లాలంటే బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి రైలెక్కి వారం మధ్యలో వెళ్లాలి.

కొండదారి | ఆగస్టు 18, రాత్రి 10:02

నా మటుకు నాకు సేలంలో ఆ సరదా ఎక్కదు. 1692లో మంత్రగత్తెలన్న నేరం మోపి 19 మందిని ఉరి తీశారు, ఇంకొకాయన్ని రాళ్లు పేర్చి చంపారు. అదే ఊళ్లో ప్లాస్టిక్ టోపీలు అమ్ముతుంటే ఏదోలా ఉంటుంది. అది నా అభిప్రాయం, వెళ్లేవాళ్లని తప్పుబట్టను.

పడమటిగాలి గారూ, దారి సంగతికొద్దాం. లింకన్ నుంచి కాన్వే దాకా కాంకమాగస్ హైవే, 34 మైళ్లు. మధ్యలో పెట్రోల్ బంకు లేదు, హోటల్ లేదు, చాలాచోట్ల సిగ్నల్ లేదు. ట్యాంకు నింపుకుని, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. తినడానికి ఏదైనా కట్టుకుని ఎక్కండి. కనుమ 2,855 అడుగుల ఎత్తు, అక్కడ అయిపోయిన రంగు కాన్వే వైపు దిగేసరికి మళ్లీ దొరుకుతుంది. కొన్ని పార్కింగులకి రోజుకి 5 డాలర్ల పాస్ ఉంటుంది. రాకీ గోర్జ్ దగ్గర పెద్దగా నడక లేదు, అమ్మగారు రాగలరు. ఆల్బనీ దగ్గర 1858 నాటి కప్పు వంతెన కూడా ఆ దారిలోనే. వంతెనకి పైకప్పు మనుషులు తడవకుండా అనుకుంటారు చాలామంది. కాదు, కింద బరువు మోసే కలప తడిసి కుళ్లకుండా.

చీకటి పడ్డాక ఆ దారిన వద్దు. మూస్‌లు, అంటే గుర్రమంత ఎత్తుండే దుప్పులు, రోడ్డు మీదకొస్తాయి. ఒళ్లు నలుపు, కళ్లు హెడ్‌లైట్ వెలుతురు కంటే పైన ఉంటాయి, దగ్గరికొచ్చేదాకా కనపడవు.

గుమ్మడి_గురువు | ఆగస్టు 18, రాత్రి 10:20

అమ్మగారి కోసం రైలు కూడా ఉంది. నార్త్ కాన్వే స్టేషన్ నుంచి క్రాఫర్డ్ నాచ్ వైపు వెళ్తుంది. ఫ్రాంకెన్‌స్టైన్ ట్రెసిల్ అనే ఎత్తైన వంతెన దాటుతుంది. భూతం పేరు కాదు, ఆ ప్రాంతం బొమ్మలు వేసిన చిత్రకారుడి పేరు. టికెట్లు ఇప్పుడే కొనండి, అక్టోబరు సీట్లు త్వరగా అయిపోతాయి.

పడమటిగాలి | ఆగస్టు 19, ఉదయం 8:12

ఒకటే టెన్షన్. వారం మధ్యలో అంటే పాపకి స్కూలు పోతుంది. మా ఆవిడ ఒప్పుకోవట్లేదు.

బుజ్జిగాడి_అమ్మ | ఆగస్టు 19, ఉదయం 8:50

రెండో తరగతిలో నాలుగైదు రోజులు పోతే ఏమీ కాదు అని నేను అంటాను, మీ ఆవిడ తిడితే నా పేరు చెప్పొద్దు. టీచర్‌కి ముందే రాయండి. ఆకులు అతికించిన పుస్తకం ఒకటి చేసుకొస్తుందని చెప్పండి, మా టీచరైతే దానికే పొంగిపోయింది.

కొండదారి | ఆగస్టు 19, ఉదయం 9:33

లాంగ్ వీకెండ్‌కి వెళ్తే కాంకమాగస్ మీద చూసేది ముందు కారు వెనక లైట్లే. అవీ ఎర్రగానే ఉంటాయనుకోండి.

పడమటిగాలి | అక్టోబరు 11, రాత్రి 10:15

వెళ్లొచ్చాం. పెద్ద పోస్టు, ఓపికుంటే చదవండి.

అక్టోబరు మొదటి వారం, ఐదు రోజులు. నార్త్ కాన్వేలో నాలుగు రాత్రులు. మొదటిరోజు వాన. మళ్లీ అదే ఖర్మ అనుకున్నా. రెండోరోజు పొద్దున్నే లింకన్ వైపు నుంచి కాంకమాగస్ ఎక్కితే కనుమ దగ్గర సగం చెట్లు బోడిగా ఉన్నాయి. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. అక్కడి నుంచి కాన్వే వైపు దిగడం మొదలుపెట్టాం. పది నిమిషాలకి పాప వెనక సీట్లో గోల ఆపేసింది. స్విఫ్ట్ నది పక్కన మేపుల్‌లు, తడి ఆరకుండా, ఎలా ఉన్నాయంటే... అమ్మ ఒకటే మాట అంది, "మోదుగు పూసినట్టుందిరా." నేను ఫోటో తీయడం మర్చిపోయాను. తాతగారూ, పోలరైజర్ డిక్కీలోనే ఉండిపోయింది, క్షమించండి.

రాకీ గోర్జ్ దగ్గర అమ్మ నడిచింది. వంతెన మీద పాప బర్చ్ ఆకులు నీళ్లలోకి వదులుతూ ఏది ముందు దాటుతుందో పందెం కాసింది. ముప్పావుగంట. కదలదే!

బుధవారం ఫ్రైబర్గ్. లోపలికి వెళ్లడానికి కార్ల వరసలో నలభై నిమిషాలు పట్టింది, ముందే చెప్తున్నా. గురువుగారూ, ఎడ్ల పోటీ సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదో అర్థమైంది. చెక్క స్లెడ్ మీద కాంక్రీటు దిమ్మెలు పేర్చి, జత ఎడ్లతో లాగిస్తారు. ఒక్కో విడతకీ బరువు పెంచుతారు. అమ్మ అప్పటిదాకా చలికి శాలువా కప్పుకుని ముడుచుకుని కూర్చుంది. మొదటి జత కాళ్లు తన్నిపెట్టి లాగగానే లేచి నిలబడి, "ఇది మన బండలాగుడేరా!" అంది, చుట్టూ జనం తిరిగి చూసేలా.

తర్వాత గంటన్నర ఆవిడే మాకు వ్యాఖ్యాత. "ఎడమెద్దు కొత్తది, బెదురుతోంది." అది నిజంగానే పక్కకి తిరిగింది. "వీటికి మూపురం లేదు కదా, కాడి ఎలా ఆగుతుందీ?" అని అనుమానం వచ్చింది. పోటీ అయ్యాక కొట్టాల దగ్గరికి వెళ్లాం. అక్కడొక ముసలాయన, ఎడ్లకి ఎండుగడ్డి వేస్తున్నాడు. నేను అమ్మ ప్రశ్న ఇంగ్లీషులో అడిగా. ఆయన మాట్లాడకుండా గోడకి తగిలించిన కాడి దించి చూపించాడు. లావుపాటి చెక్క దూలం, దాని కింద రెండు వంచిన కర్రలు, అరసున్నాలాగ. ఎద్దు మెడ ఆ వంపులోకి వెళ్తుంది, కర్ర కొసలు దూలంలోంచి పైకి తేలి చీలలతో బిగుస్తాయి. అమ్మ ఆ వంపు లోపలి వైపు బొటనవేలితో తడిమి చూసింది, నున్నగా ఉందో లేదో. తలూపింది. ఆయనా తలూపాడు. ఎడ్లని కుడికి తిప్పడానికి "జీ" అనీ, ఎడమకి "హా" అనీ అంటారట. ఆయన అన్నాడు, పెద్దెద్దు నిజంగానే తల తిప్పింది. అమ్మ మన ఊళ్లో అనే మాటతో అదిలించి చూసింది. అది ఆమె వైపు చూసి, మళ్లీ గడ్డి తినడంలో పడింది. "భాష రాదు పాపం" అంది.

మిగతావి క్లుప్తంగా. రైలు బాగుంది. ఆపిల్ తోటలో చిన్న సంచే తీసుకున్నాం, బుజ్జిగాడి అమ్మగారికి దండాలు. తిరిగొచ్చేటప్పుడు బోస్టన్ దక్షిణాన కార్వర్ వైపు ఒక క్రాన్‌బెర్రీ మడి చూశాం. క్రాన్‌బెర్రీ నీళ్లలో పండుతుందనుకునేవాణ్ణి. కాదు, నేలమీద పాకే తీగ. కోతకి మాత్రం మడి నింపుతారు, యంత్రంతో నీళ్లు చిలికితే కాయలు రాలి పైకి తేలతాయి, ఒక్కో కాయలో నాలుగు గాలి గదులుంటాయి. పాపకి ఒక కాయ అడ్డంగా కోసి చూపించారు. తిని మొహం వికారంగా పెట్టింది. మడి మొత్తం ఎర్రటి దుప్పటి పరిచినట్టు, దాన్ని నలుగురు నడుము లోతు నీళ్లలో నిలబడి ఒక మూలకి తోసుకుపోతున్నారు.

కొండదారి | అక్టోబరు 11, రాత్రి 10:48

కనుమ దగ్గర బోడిగా కనిపించగానే వెనక్కి తిరగనందుకు మెచ్చుకోవాలి. చాలామంది అక్కడే తిరిగేస్తారు.

గుమ్మడి_గురువు | అక్టోబరు 11, రాత్రి 11:02

"భాష రాదు పాపం" :) ఈ ఏటికి ఇది చాలు నాకు.

సందేహాల_రాయుడు | అక్టోబరు 12, ఉదయం 7:30

ఎడ్లుంటాయని ఆగస్టులోనే చెప్పుంటే నేను ఇన్ని మాటలనేవాణ్ణా? బెర్క్‌షైర్స్‌లో ఇంకా రంగుందా? ఊరికే అడుగుతున్నా.

కొండదారి | అక్టోబరు 12, ఉదయం 7:52

ఉంది. ఈ వారమంతా ఉంటుంది, గాలి రాకపోతే. ఇవాళ మాత్రం బయల్దేరకండి, లాంగ్ వీకెండ్.

పడమటిగాలి | అక్టోబరు 14, రాత్రి 8:05

మామయ్యగారూ, చిన్న సహాయం. పాప కారు డ్యాష్‌బోర్డు మీద పేర్చి తెచ్చిన మేపుల్ ఆకులు మూడు రోజుల్లో ముడుచుకుపోయి గోధుమరంగులోకి తిరిగాయి. స్కూలు పుస్తకంలో అతికించాలి. ఏడుస్తోంది.

మేపుల్_మామయ్య | అక్టోబరు 14, రాత్రి 8:26

ఎండలో పెడితే అంతేనండీ, ఎరుపు వెలుతురుకి తట్టుకోదు, తడి ఆరితే ముడుచుకుంటుంది. కోసిన రోజే బరువైన పుస్తకంలో, రెండు కాగితాల మధ్య అణిచిపెట్టాలి. లేదా రెండు మైనపు కాగితాల మధ్య పెట్టి, పైన పాత గుడ్డ వేసి, వేడి తక్కువ పెట్టి ఇస్త్రీ చేయాలి. మైనం కరిగి ఆకుకి అంటుకుంటుంది, రంగు చాలా రోజులు ఆగుతుంది. ఎన్ని కావాలో చెప్పండి. మా ఇంటి ముందు రెడ్ మేపుల్ ఇంకా మిగిలే ఉంది, రేపు అణిచి కవర్లో పంపిస్తా. అడ్రసు ఇక్కడ పెట్టకండి, మెసేజ్ చేయండి.

పడమటిగాలి | అక్టోబరు 14, రాత్రి 8:31

ఐదు. అమ్మ తనకి కూడా ఒకటి కావాలంటోంది, ఆరు.